పాత కోర్టు కాగితాల్లో సిడ్నీ

చిరంజీవులు చిన్నాకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

1788 జనవరి 26న సిడ్నీ కోవ్‌లో ఇంగ్లండు ఖైదీలు దిగిన పాఠం మీ స్కూల్లో మొదలైందని అమ్మ ఫోన్లో చెప్పింది. ఓడల పేర్లు, గవర్నర్ పేరు మీ పుస్తకంలో ఎలాగూ ఉంటాయి. సర్వీసంతా కోర్టు గుమాస్తాగా చేసినవాణ్ణి కదా, నేను ఆ కాలపు కోర్టు కాగితాల సంగతి చెబుతాను. పెద్ద ఆఫీసర్లు తమ కథ తామే రాసుకున్నారు. సంతకం కూడా రాని మనిషి ఏం తిన్నాడో, ఏ వస్తువు కోసం గొడవపడ్డాడో తెలియాలంటే ఈ చిన్న చిన్న కేసులే దిక్కు.

హెన్రీ కేబుల్, సుసన్నా హోమ్స్ అని ఇద్దరు ఖైదీలు. ఇద్దరివీ దొంగతనం కేసులే. మొదట ఉరిశిక్ష పడింది, తర్వాత దాన్ని ద్వీపాంతర శిక్షగా మార్చారు. ఇంగ్లండులోని నోరిచ్ జైల్లో ఉండగా వాళ్ళకు ఒక కొడుకు పుట్టాడు. సుసన్నాను ఓడ ఎక్కించడానికి తీసుకెళ్తే, పసివాణ్ణి మాత్రం ఎక్కించుకోం అన్నారు. వెంట వెళ్ళిన జైలు ఉద్యోగి జాన్ సింప్సన్ ఊరుకోలేదు. చంటిబిడ్డను ఎత్తుకుని లండన్ దాకా వెళ్ళి, మంత్రి లార్డ్ సిడ్నీనే కలిసి, తల్లీ తండ్రీ బిడ్డా కలిసి వెళ్ళేలా ఉత్తర్వు తెచ్చాడు. ఆ మనిషికి నేను మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో! మీ నగరానికి సిడ్నీ అన్న పేరు ఆ మంత్రిదే.

సంగతి పత్రికల్లో వచ్చింది. జనం చందాలు వేసుకుని, ఆ కుటుంబానికి 20 పౌన్ల విలువైన బట్టలూ సామానూ కొని, మూటకట్టి అలెగ్జాండర్ అనే ఓడలో వేయించారు. తీరా దిగాక చూస్తే కొన్ని పుస్తకాలు తప్ప మూటలో సామాను లేదు. 1788 జులైలో ఓడ కెప్టెన్ డంకన్ సింక్లెయిర్ మీద కేబుల్ దంపతులు దావా వేశారు. ఖైదీలతో మొదలైన ఆ వలస కాలనీలో అదే మొదటి సివిల్ కేసు.

ఇంగ్లండు చట్టం ప్రకారం మరణశిక్ష పడిన నేరస్థుడికి దావా వేసే హక్కే లేదు. అందుకే ఆ కాగితం చూడాలి. వాదులు ఎవరో రాయాల్సిన చోట ముందు ‘కొత్తగా స్థిరపడినవాళ్ళు’ అని రాసి, తర్వాత కొట్టేశారు. ఖైదీలు అని మాత్రం రాయలేదు. తీర్పు చెప్పిన డేవిడ్ కాలిన్స్ లాయరు కాదు, సైనికాధికారి. ఆయన పక్కన ఒక పాస్టరు, ఒక డాక్టరు కూర్చున్నారు. కెప్టెన్ 15 పౌన్లు కట్టాలని తేల్చారు.

ఇది చదివి ఆ కోర్టు దయగలదని అనుకోకండి. అదే ఏడాది ఫిబ్రవరి 27న థామస్ బారెట్ అనే ఖైదీని తిండి సరుకులు దొంగిలించాడని ఉరితీశారు. దిగి సరిగ్గా నెల! ఓడల్లో తెచ్చిన పిండి, ఉప్పు మాంసం, బఠాణీలే అందరికీ ఆధారం. వారానికి ఇంత అని తూచి ఇచ్చేవారు. మరుసటి ఏడాది జేమ్స్ స్క్వైర్ అనే ఆయన స్టోరులో మిరియాలు దొంగిలించాడని 300 కొరడా దెబ్బల శిక్ష వేశారు. తర్వాత ఆయనే పారమట్టా నది ఒడ్డున బీరు తయారుచేసి పెద్ద ఆసామి అయ్యాడు.

ఆ నేల అక్కడి ఆదివాసులైన గాడిగల్ ప్రజలది. ఈ కాగితాల్లో వాళ్ళ మాట వినపడదు. క్రైస్తవ ప్రమాణం చేయలేరన్న సాకుతో ఆదివాసుల సాక్ష్యాన్ని అక్కడి కోర్టులు దశాబ్దాల తరబడి ఒప్పుకోలేదు. నాకు బాగా కష్టంగా అనిపించేది ఇదే. మీ టీచర్ని ఈ విషయం తప్పకుండా అడగండి.

కేబుల్ తర్వాత చీఫ్ కానిస్టేబుల్ అయ్యాడు. 1802లో ఒక ఓడ నుంచి రూల్సుకి విరుద్ధంగా పందులు కొన్నాడని ఆ ఉద్యోగం ఊడింది. ఆ సంగతి కూడా కేసు కాగితాల వల్లే మనకు తెలిసింది. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు రికార్డులు 1674 నుంచి 1913 దాకా నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏదో ఒక చిన్న కేసు తీసి, పోయిన వస్తువుల జాబితా ముందు చదవండి. నాకు ఫోన్ చేసినప్పుడు ఆ జాబితా చదివి వినిపించండి.

మీ తాతయ్య