పెద్దవాళ్లకి ట్రాన్స్‌జెండర్ గురించి చెప్పడం: అపోహలు - వాస్తవాలు

బిడ్డ ట్రాన్స్‌జెండర్ అని తెలిసి భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి కౌన్సెలింగ్‌కి వచ్చే ఇళ్లల్లో నాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: డెబ్బై దాటినవాళ్లకి ఇవన్నీ అర్థం కావు.
వాస్తవం: మీరు చెప్పకపోతే ఊరు చెబుతుంది, అదీ వంకరగా. శిఖండి కథ విని పెరిగిన తరం వాళ్లది. పాఠం చెప్పినట్టు చెప్పకండి. "నాన్నా, పుట్టినప్పుడు అబ్బాయన్నాం. తనకి మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ లోపల అమ్మాయిననే ఉంది" అనండి. మొదటి రోజుకి అంతే చాలు.

అపోహ: పెంపకంలోనే తప్పు జరిగింది.
వాస్తవం: చిన్నప్పుడు సరదాగా పూలజడ వేసి, జడ కనబడేలా అద్దం ముందు నిలబెట్టి తీయించిన స్టూడియో ఫోటో గుర్తు చేసుకుని ఏడ్చే తల్లులున్నారు. అమ్మా, అలాంటి ఫోటో కోనసీమలో ఎంతమంది మగపిల్లలకి లేదు? వాళ్లంతా మగవాళ్లుగానే పెరిగారు. జడ వల్ల ఎవరూ మారరు.

అపోహ: ఇదంతా వేషం.
వాస్తవం: రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారు నాటకాల్లో సత్యభామగా మెప్పించి, వేషం తీసేశాక మగవాడిగానే బతికారు. మీ బిడ్డకి ఇన్నాళ్లూ అబ్బాయిలా కనబడటమే వేషం.

అపోహ: పెళ్లి చేస్తే సర్దుకుంటుంది.
వాస్తవం: మా దగ్గరికొచ్చే కేసుల్లో ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఏమీ తెలియని ఇంకో ఇంటి ఆడపిల్ల గొంతు కోసినట్టవుతుంది. దయచేసి ఆ పని చేయకండి. గాలి సోకిందని తాయెత్తులు కట్టించినా ఫలితం ఉండదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన కొత్త వ్యాధుల జాబితాలో ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని మానసిక రుగ్మతల నుంచి తీసేశారు. బలవంతాల వల్ల వచ్చే డిప్రెషన్‌కి మాత్రం వైద్యం కావాలి, ఆలస్యం చేయకూడదు.

అపోహ: ఆపరేషన్ చేయించుకుని, ఇల్లు వదిలి వెళ్లిపోవాల్సిందే.
వాస్తవం: అందరూ ఆపరేషన్ కోరుకోరు. గుర్తింపు ఇవ్వడానికి ఆపరేషన్ షరతు పెట్టకూడదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. కన్నవాళ్ల ఇంట్లో ఉండే హక్కు 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టంలో ఉంది.

నిజానికి పెద్దవాళ్ల టెన్షన్ వేరు: "మేం పోయాక దీనికి దిక్కెవరు?" ముందు దానికి జవాబు చెప్పండి. చదువు, ఉద్యోగం, బ్యాంకులో ఉన్న డబ్బు, తోడుండే స్నేహితులు, అన్నీ వివరంగా చెప్పండి. తోబుట్టువులుంటే ఆ రోజు పక్కనే కూర్చోవాలి.