దూరం వేస్తేనే చేపా? ట్రౌట్ ఫ్లై ఫిషింగ్‌పై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం షాపు కట్టేసే వేళకి ఇద్దరు కుర్రాళ్లొచ్చారు. ఉద్యోగాలొచ్చి ఏడాదైందట. నలుగురు స్నేహితులు కలిసి హిమాచల్ వెళ్తున్నారట, ట్రౌట్ (చల్లటి కొండ ఏళ్లలో ఉండే చేప) పట్టాలట. ఒకడు ఫోన్‌లో ఒక రాడ్ ఫొటో చూపించాడు. దాని ధరకి కాస్త పాతదైనా ఒక స్కూటీ వస్తుంది.

"అంకుల్, ఇది నది అవతలికి పడుతుందా?"

"అవతల ఏముంది నాన్నా?"

"పెద్ద చేపలు."

"మరి అవతలి ఒడ్డున నిలబడినవాడు ఎటు వేస్తాడు?"

వాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. విజయవాడలో గాలాల షాపు పెట్టి పదిహేనేళ్లయింది. పదకొండేళ్లుగా ఏటా ముగ్గురు స్నేహితులతో కలిసి హిమాచల్‌లోని తీర్థన్ లోయకి వెళ్తున్నాను. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. డబ్బు తగలేసేది ఇదే, ట్రిప్పు పాడుచేసేది ఇదే, ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చేది కూడా ఇదే. అందుకే మిగతావాటికంటే దీని గురించే ఎక్కువ రాస్తాను. ఓపిక పట్టండి.

అపోహ: ఎంత దూరం వేస్తే అంత పెద్ద చేప

తప్పు పూర్తిగా వాళ్లది కాదు. మనవాళ్లు గాలం నేర్చుకునేది కృష్ణ ఒడ్డున. బ్యారేజీ కింద, సీతానగరం వైపు ఎవరిని చూసినా అదే పద్ధతి. లైను చివర యాభై గ్రాముల సీసం కట్టి, ఒళ్లు విరుచుకుని విసురుతారు. వెడల్పాటి నది, లోతు మధ్యలో ఉంటుంది, బొచ్చె అక్కడ తిరుగుతుంది. కాబట్టి ఇక్కడ దూరం పనికొస్తుంది. ఆ అలవాటునే మూట కట్టుకుని హిమాలయాలకి తీసుకెళ్తారు.

తీర్థన్ నది చాలాచోట్ల మన బందరు కాలవంత వెడల్పు కూడా ఉండదు. నిండా బండరాళ్లు, వడిగా పారే నీళ్లు. ట్రౌట్ ఆ వడికి ఎదురు ఈదుతూ రోజంతా నది మధ్యలో ఉండదు. అలా ఉంటే తిన్నదంతా ఈతకే సరిపోతుంది. దీపావళి ముందు బీసెంట్ రోడ్డు గుర్తు తెచ్చుకోండి. జనం తోసుకుంటూ పోతుంటే మనం మధ్యలో నిలబడం. ఏదో ఒక షాపు మెట్టెక్కి నిలబడి, మనకి కావలసినవాడు వస్తే చెయ్యి పట్టి లాగుతాం. ట్రౌట్ చేసేదీ అంతే. రాయి వెనక, ఒడ్డు కింది నీడలో, వడి నీళ్లూ నెమ్మది నీళ్లూ కలిసే గీత దగ్గర నిలబడుతుంది. పురుగు కొట్టుకొస్తే ఒక్క అడుగు ముందుకేసి నోట్లో వేసుకుంటుంది. ఆ గీతలు ఎక్కువగా ఎక్కడుంటాయో తెలుసా? మీ కాళ్ల దగ్గర.

నేను నేర్చుకున్నదీ దెబ్బ తినే. మొదటి ఏడాది మా నలుగురిలో అందరికంటే ఖరీదైన రాడ్ నాదే. తెల్లవారి ఏడింటికి నదిలోకి దిగాను. రెండో అడుగు వేసేసరికి బూటు పక్కనుంచి మోచేతి పొడవు చేప ఒకటి బాణంలా దూసుకుపోయింది. మూడో అడుగుకి ఇంకొకటి. అంటే ఎక్కడ వెయ్యాలో అక్కడ నిలబడి, ఏమీ లేని చోటికి మధ్యాహ్నం దాకా విసిరానన్నమాట. మా వెంట వచ్చిన స్థానికుడు రబ్బరు చెప్పులతో ఒడ్డునే ఒక బండ వెనక చతికిలబడి, రెండు బారల లైనుతో గంటలో మూడు పట్టి, మూడూ వదిలేశాడు. నా వైపు చూసి హిందీలో ఒక్క ముక్క అన్నాడు. తెలుగులో చెప్పాలంటే, "ముందు ఒడ్డు, తర్వాత నది." ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించలేదు నాకు.

దూరం వేస్తే ఇంకో నష్టం ఉంది. మీకూ ఫ్లైకీ (పురుగులా కట్టిన కొక్కెం) మధ్య వడి నీళ్లు ఉంటే అవి లైనును పట్టి లాగుతాయి, లైను ఫ్లైని లాగుతుంది. కొట్టుకొచ్చే పురుగు ఏటికి అడ్డంగా పరుగులు తియ్యదు కదా. చేపకి ఆ మాత్రం తెలుసు. లైను ఎంత పొట్టిగా ఉంటే ఫ్లై అంత సహజంగా తేలుతూ వస్తుంది. ఇరవై, ముప్పై అడుగులు శుభ్రంగా వెయ్యడం వస్తే తీర్థన్‌లో మీకు పని జరిగిపోతుంది.

ట్రౌట్ ఎప్పుడూ పై వైపుకి, అంటే నీళ్లు వచ్చే దిక్కుకి ముఖం పెట్టి ఉంటుంది. కాబట్టి దిగువ నుంచి, వెనకనుంచి, వంగి వెళ్లండి. ఎర్ర టీషర్టులు హోటల్లోనే ఉంచండి.

ఇక ప్రాణం సంగతి. దూరం పిచ్చి ఉన్నవాడు వేసే దూరం చాలకపోతే లోపలికి దిగుతాడు. "మోకాలి లోతేగా, నాకు ఈత వచ్చుగా" అంటాడు. కృష్ణలో ఈత కొట్టినవాళ్లకి ఈ ధైర్యం మరీ ఎక్కువ. అక్కడ రాళ్ల మీద నాచు సబ్బులా ఉంటుంది. మంచు కరిగి వచ్చిన నీళ్లు. కాలు జారి పడితే ఆ చలికి ముందు ఊపిరి ఎగబీలుస్తుంది, ఈత సంగతి తర్వాత. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో థలౌట్ దగ్గర ఏం జరిగిందో మన తెలుగువాళ్లకి నేను గుర్తు చెయ్యక్కర్లేదు. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది, ఫొటోలు దిగుతూ ఉండగానే, పైన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకి కొట్టుకుపోయారు. తీర్థన్ వెళ్లి బియాస్‌లో కలిసేది ఆ లార్జి దగ్గరే. వాళ్లు దిగినప్పుడు కూడా నీళ్లు తక్కువే.

అందుకని మా గుంపులో మూడు నియమాలు. మోకాలు దాటి ఎవరూ దిగకూడదు. చేతికర్ర లేకుండా దిగకూడదు. నీటి రంగు మారినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, లైను చుట్టే పని కూడా పెట్టుకోకుండా ఒడ్డెక్కాలి. వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడి అంటని ప్యాంట్లు) వేసుకుంటే నడుం బెల్టు బిగించాలి, లేకపోతే పడినప్పుడు లోపలికి నీళ్లు నిండుతాయి.

షాపుకి ఫోన్ చేసి "మా అబ్బాయికి ఈత రాదండీ, పంపొచ్చా?" అని అడిగే అమ్మలున్నారు. అమ్మా, భయపడకండి. ఈత రానివాడు ఒడ్డున నిలబడతాడు, చేపా అక్కడే ఉంటుంది. నాకు భయం ఈత బాగా వచ్చినవాడి గురించే.

అపోహ: ఖరీదైన రాడ్ కొంటే వెయ్యడం దానంతటదే వస్తుంది

ఇది పైదానికి తమ్ముడు. మామూలు గాలంలో సీసం ముందు పోతుంది, లైను దాని వెనక పోతుంది. ఫ్లైకి బరువెక్కడిది? ఈకా దారమే కదా, ఊదితే ఎగురుతుంది. ఇక్కడ బరువంతా లైనుది. మనం విసిరేది లైనును, ఫ్లై దాని తోకన పోతుంది. 5 నంబరు లైను ముందు భాగం 30 అడుగులు తూస్తే 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. రాడ్ మీద 5 అని ఉంటే ఆ బరువుకి వంగేలా చేశారని అర్థం. దానికి 8 నంబరు లైను ఎక్కిస్తే ఎంత ఖరీదైన రాడ్ అయినా వెదురు బొంగే. ఆన్‌లైన్‌లో రాడ్‌కి పాతిక వేలు పోసి, లైను ఊరికే వచ్చినదేదో ఎక్కించుకుని, "నా వల్ల కాదు" అని మూలన పడేసినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్ల వల్ల కాక కాదు. తొమ్మిదడుగుల 5 నంబరు రాడ్ ఒక మోస్తరుది కొనండి, మిగిలిన డబ్బు మంచి లైను మీద పెట్టండి. ఎక్కువ ధర రాడ్ అమ్మితే నాకే లాభం. అయినా చెప్తున్నాను.

వెయ్యడంలో బలం పని చెయ్యదు. మా తాతకి ఎడ్లబండి ఉండేది. చర్నాకోల వెనక్కి పోయి పూర్తిగా చాపుకున్నాకే ముందుకి తెచ్చేవాడు. నేను చిన్నప్పుడు తొందరపడి లాగితే కొస తిరిగి నా చెవికే తగిలేది. ఫ్లై లైనూ అంతే. వెనక్కి వేశాక ఆగాలి. లైను వెనక తిన్నగా చాపుకునేదాకా, చేతికి చిన్న లాగు తెలిసేదాకా ఆగాలి. వెనకనుంచి "చెళ్" అని శబ్దం వచ్చిందంటే తొందరపడ్డారు, ఫ్లై తెగి ఎక్కడో పడింది. మా గుంపులో అందరికంటే అందంగా వేసేది రిటైరైన లెక్చరర్. అరవై దాటాయి, షుగరుంది, భుజం నొప్పి ఉంది. ఆయన ఆగడం నేర్చుకున్నాడు, అంతే. జిమ్ముకెళ్లే మా బావమరిదికి ఇప్పటికీ రాలేదు.

అపోహ: ఫ్లై అంటే నిజం ఈగని గుచ్చడం

కాదు. కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి పురుగులా కట్టినది. పైన తేలేదాన్ని డ్రై ఫ్లై అంటారు, మునిగేదాన్ని నింఫ్ అంటారు. చేప పైకి ఎగిరి పట్టుకునే వీడియోలు చూసి అందరూ డ్రై ఫ్లైలే అడుగుతారు. కానీ ట్రౌట్ తిండి చాలావరకు నీటి లోపలే. ఒడ్డున ఒక రాయి తిరగేసి చూడండి. అడుగున ఇసుక రేణువులు ఒక్కొక్కటీ అంటించి కట్టుకున్న చిన్న గొట్టం కనిపిస్తుంది, బియ్యపు గింజకి కాస్త పెద్దది. రెండు నిమిషాలు కదలకుండా చూస్తే దాని కొసనుంచి నల్లటి తల బయటికొస్తుంది. క్యాడిస్ పురుగు. ఏ ఫ్లై కట్టాలని నన్ను అడిగేకంటే ఆ రాయిని అడగడం మేలు.

అపోహ: డిసెంబరులో వెళ్తే మంచూ చూడొచ్చు, ట్రౌటూ పట్టొచ్చు

మంచు చూడొచ్చు. హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ వేట నిషేధం, అది గుడ్లు పెట్టే కాలం. టికెట్లు బుక్ చేశాక ఫోన్ చేస్తారు, నేనేం చెయ్యను? మార్చి, ఏప్రిల్ వెళ్లండి, లేదా వానలు తగ్గాక అక్టోబరులో. మే, జూన్‌లలో మంచు కరిగి వడి పెరుగుతుంది, తర్వాత వానలకి నీళ్లు మట్టి రంగే. వెళ్లాక మత్స్య శాఖ లైసెన్సు తీసుకోండి. "ఎవరు చూస్తారు" అనే స్నేహితుడు మీ గుంపులో ఒకడుంటాడు, వాడి మాట వినకండి.

అపోహ: ట్రౌట్ పిల్లల్ని తెచ్చి కృష్ణలో వదిలితే పెరుగుతాయి

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. నీళ్లు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్ అవస్థ పడుతుంది, 25 దగ్గర బతకడమే కష్టం. మే నెలలో మన నీళ్లు చెయ్యి పెడితేనే తెలుస్తుంది. లంబసింగిలో చలి ఉంటుంది కదా అంటారు. వేసవిలో ఉంటుందా? అసలు ట్రౌట్ హిమాలయాలదీ కాదు. ఐరోపా నుంచి గుడ్లు తెప్పించి 1900లో కశ్మీరులో పెంచారు, అక్కడినుంచి 1909 నాటికి కులు చేరింది.

అపోహ: వదిలినా ఎలాగూ చస్తుంది

పట్టిన తీరుని బట్టి. కొక్కెం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లుని ముందే పటకారుతో నొక్కేయండి, చేతులు తడుపుకోండి, వీలైతే నీళ్లలోనే కొక్కెం తీయండి. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు ఊడొస్తుంది, తర్వాత రోగం పట్టుకుంటుంది. వదిలేముందు తల నీళ్లు వచ్చే వైపుకి తిప్పి పట్టుకోండి, అదే తోక కొట్టి పోతుంది. ఒక ఏడాది మావాళ్లు నలుగురూ నాలుగు ఫోన్లతో, ఎండకి కాలిన బండ మీద పెట్టి, ఒక చేపకి పెళ్లి ఫొటోలంత తీశారు. వదిలితే వెల్లకిలా తేలింది. ఆ రాత్రి పులుసు పెట్టుకుందామన్నారు గానీ చింతపండు దొరకలేదు, తిన్నవాళ్లూ మాట్లాడకుండా తిన్నారు.

చిన్న విషయాలు రెండు. ఫ్లై లైనును మే నెలలో కారు డిక్కీలో వదలకండి. దోమల క్రీము రాసిన చేత్తో ముట్టుకోకండి, పైపూత పాడవుతుంది.

ఆ కుర్రాళ్లిద్దరికీ రాడ్ అమ్మలేదు. ఆదివారం పొద్దున ఆరింటికి మేము గడ్డి మైదానంలో ప్రాక్టీసు చేస్తాం, రమ్మన్నాను. కొక్కెం ఉండదు, లైను కొసన ఎర్ర ఉన్ని ముక్క ఒకటి కడతాం, ముప్పై అడుగుల దూరంలో పేపరు ప్లేటు పెడతాం. ఇద్దరూ వచ్చారు. మొదటి అరగంట ఉన్ని ముక్క ఒకడి మెడకీ రెండోవాడి కళ్లజోడుకీ చుట్టుకుంది. మా వెనకనుంచి వాకింగ్‌కి వచ్చే పెద్దాయన ఒకాయన రోజూలాగే ఆగి, ఎండు గడ్డి వైపు చూసి, "ఏమైనా పడ్డాయా బాబూ?" అని అడిగాడు.

"ఇంకా లేదు బాబాయ్," అన్నాడు కుర్రాడు, మెడ విప్పుకుంటూ.