బల్బు మాడితే ఎంసీబీ ఎందుకు పడుతుంది?

అపోహ: ఫిలమెంటు తెగితే దారి తెగినట్టే. కరెంటు ఆగాలి గానీ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే ఆఫ్ అయ్యే బోర్డులోని స్విచ్చు) పడటమేమిటి?

కోనసీమలో ఇరవై ఏళ్లుగా వైరింగు పని చేస్తున్నాను. ఈ ప్రశ్న వేసినవారిలో ఇంజినీర్లూ ఉన్నారు. ఫిలమెంటు తెగిన మాట నిజమే. కానీ తెగిన క్షణంలో రెండు కొసల మధ్య మెరుపు లేస్తుంది. బల్బులో నింపిన ఆర్గాన్, నైట్రోజన్ ఆ వేడికి తామే కరెంటును మోస్తాయి. మెరుపు పాకి, ఫిలమెంటును పట్టుకున్న రెండు తీగల మధ్యకు చేరిందా, ఇక అడ్డేముంది? 100 వాట్ల బల్బు మామూలుగా తీసుకునేది 0.43 ఆంపియర్లు. అప్పుడు మాత్రం పదుల ఆంపియర్లు పారతాయి. ఏసీ వోల్టేజి సెకనుకు 100 సార్లు సున్నాకు దిగుతుంది కనుక ఆ మెరుపు సాధారణంగా అక్కడే ఆరిపోతుంది. ఎంసీబీని పడగొట్టేందుకు దానిలోని అయస్కాంతానికి ఆ కాస్త వ్యవధి చాలు. 6 ఆంపియర్ల ఎంసీబీల్లో బీ రకం 18 నుంచి 30 ఆంపియర్ల మధ్య వెంటనే పడుతుంది, సీ రకం 30 నుంచి 60 మధ్య. అందుకే అలాంటి బల్బే మాడినా మీ ఇంట్లో పడినది పక్కింట్లో పడకపోవచ్చు.

అపోహ: తరచూ పడుతోంది కాబట్టి పెద్ద ఎంసీబీ వేయించాలి.

అనపర్తి వైపు ఒక కోళ్లఫారంలో, కోడిపిల్లల షెడ్డులో వెచ్చదనానికి బల్బుల వరస ఉంది. ఒకటి మాడితే వరసంతా ఆరిపోతోందని యజమాని 32 ఆంపియర్లది పెట్టించారు. చూస్తే తీగ 1 చదరపు మిల్లీమీటరు! చలికి పిల్లలు ఒకదానిమీద ఒకటి పోగుపడి చస్తాయన్న ఆయన భయం సబబే. కానీ ఎక్కడైనా లోపం వచ్చి 25 ఆంపియర్లు పారినా ఆ ఎంసీబీ కదలదు, తీగ తొడుగు మాత్రం కరుగుతుంది. “పిల్లల సంగతి తరవాతండీ, షెడ్డే తగలబడుతుంది” అన్నాను. వరసను మూడు సర్క్యూట్లుగా విడదీసి, ఒక్కొక్కదానికి 6 ఆంపియర్ల సీ రకం పెట్టాను. ఇప్పుడు ఒకటి పడినా మిగతా రెండూ వెలుగుతాయి.

అపోహ: ఎల్‌ఈడీకి ఈ గొడవ లేదు.

ఫిలమెంటు లేదు, నిజమే. లోపల ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు షార్టయితే అదీ ఎంసీబీని పడగొడుతుంది. మంచి బల్బులో ఎంసీబీ పడేలోపే కాలిపోయి దారి తెంచే రెసిస్టరు ఉంటుంది. తీర్థంలో కొన్న చవక బల్బులో ఉంటుందని నేను పూచీ పడను.

ఇక బల్బు మాడకుండానే వానాకాలమంతా పడుతూంటే, పడుతున్నది ఎంసీబీయేనా, పక్కనున్న ఆర్‌సీసీబీయా చూడండి. ఆర్‌సీసీబీ అంటే కరెంటు దారి తప్పి భూమిలోకి పోతే (లీకేజీ) పడే స్విచ్చు. అది 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడుతుంది. వరండా హోల్డరులో నాలుగు చినుకులు చేరితే చాలు.