అన్నమయ్య పాటకు ఈ బాణీ ఎవరిది?

కచేరీలో ‘నానాటి బదుకు నాటకము’ ఎత్తుకునే ముందు మైకులో వినిపించే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నమాచార్య కీర్తన, రేవతి రాగం." యూట్యూబ్ వీడియోల కింద కూడా సాధారణంగా అంతే రాసి ఉంటుంది. వింటున్నవాళ్లు సహజంగానే అయిదారు వందల ఏళ్ల కిందటి పాట విన్నామనుకుంటారు. సాహిత్యం వరకు అది నిజమే. ఆ బాణీ మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో పుట్టింది. కట్టింది కర్ణాటక సంగీత విద్వాంసుడు నేదునూరి కృష్ణమూర్తి. ఆయన పేరు పలకని కచేరీలు ఎన్నో.

అన్నమయ్య కీర్తనలకు కొత్త వరుసలు కట్టేవాళ్లూ పాత వరుసలు తీసుకుని పాడేవాళ్లూ పెరిగే కొద్దీ బాణీ కట్టినవాళ్ల పేరు చెప్పడం, చెప్పకపోవడం గురించిన వాదన మళ్లీ మళ్లీ వస్తోంది. దీని మూలం తెలియాలంటే రాగిరేకుల దగ్గరికి వెళ్లాలి.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503లో కన్నుమూశారు. ఆయన మొత్తం 32 వేల సంకీర్తనలు రాశారని సంప్రదాయం చెబుతుంది. దొరికినవి అందులో సగం కూడా లేవు. కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో వీటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోనే ఒక అరలో భద్రపరిచారు. దాన్నే సంకీర్తన భండారం అంటారు. తొలి రేకులోనే లెక్క రాసి ఉంది: శక సంవత్సరం 1346 నుంచి, అంటే అన్నమయ్యకు పదహారేళ్ల వయసు నుంచి, శకం 1424 దాకా స్వామికి విన్నవించిన సంకీర్తనలని. క్రీస్తుశకంలో చెప్పాలంటే 1424 నుంచి 1503 వరకు.

రేకు మీద ఏముంది అన్నదే ఈ కథలో అసలు సంగతి. పల్లవి ఉంది, సాధారణంగా మూడు చరణాలు ఉన్నాయి, పాట నెత్తిన రాగం పేరుంది. స్వరం లేదు. ముఖారి అని రాసి ఉంటే ఆ ముఖారిలో ఏ పాదం ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ నిలపాలో, దేన్ని రెండోసారి అనాలో చెప్పే ఆధారం లేదు. పైగా ఆ రాగాల పేర్లలో కొండమలహరి, అమరసింధు లాంటివి ఇప్పుడు ఎవరూ పాడరు. పేరు మిగిలిన రాగాలకూ భరోసా లేదు. రాగాలను 72 మేళకర్తలుగా, అంటే మూల రాగాలుగా, విడదీసే పద్ధతికి పునాది వేసిన వేంకటమఖి గ్రంథం పదిహేడో శతాబ్దం నాటిది, అన్నమయ్య తర్వాత వందేళ్లు దాటాక వచ్చింది. అన్నమయ్య నాటి ముఖారీ మనం వినే ముఖారీ ఒకటేనని గట్టిగా చెప్పడం కష్టం.

త్యాగరాజు విషయంలో ఈ చిక్కు ఇంతగా రాలేదు. ఆయన 1847 వరకు ఉన్నారు. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యులు పాట పట్టుకుని తర్వాతి తరానికి అందించారు. పాఠాంతరాలు ఉన్నాయి, కొట్లాటలూ ఉన్నాయి, అయినా ‘ఎందరో మహానుభావులు’ వరుస త్యాగరాజుదే అనడానికి గురుపరంపర ఉంది. అన్నమయ్య పాటకు ఆ పరంపర చాలావరకు తెగిపోయింది. తాళ్లపాక వంశీకులు సుప్రభాత వేళ, ఏకాంతసేవ వేళ స్వామి ముందు పాడే సేవ ఉంది. ‘జో అచ్యుతానంద’ లాలి, ‘క్షీరాబ్ధి కన్యకకు’ హారతి పాట ఇళ్లలో ఆడవాళ్ల నోట బతికాయి. వేల పాటల్లో ఇవి గుప్పెడు.

రేకుల సంగతి బయటివాళ్లకు అసలు తెలియదనడం కూడా సరికాదు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన ఎ.డి. కాంప్‌బెల్, తిరుపతి కొండ మీద వేలాది రాగిరేకులున్నాయని విని మనిషిని పంపించి చూపించాడు. వ్యాకరణ గ్రంథం ఒకటి తప్ప మిగతావన్నీ దేవుడి మీద స్తోత్రాలే అని తేలిందట. తనకు కావలసింది రాయించుకుని ఊరుకున్నాడు. ఆయన వెతికింది వ్యాకరణం కాబట్టి తప్పుపట్టలేం గానీ, తెలుగు పాట ఇంకో వందేళ్లు ఆ అరలోనే ఉండిపోయింది.

1922 ప్రాంతంలో తిరుమల శాసనాలను పరిశీలిస్తున్న సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఈ రేకులను వెలుగులోకి తెచ్చారు. దేవస్థానం అప్పటికి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది. 1933లో పాలన కమిటీ చేతికొచ్చాక ముద్రణ ఊపందుకుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి రేకులను పరిష్కరించడంతో ఆగకుండా, అన్నమయ్య మనవడు చిన్నన్న రాసిన ద్విపద జీవితచరిత్రను 1949లో అచ్చుకు తెచ్చారు. అన్నమయ్య జీవితం గురించి మనం చెప్పుకునే కథల్లో చాలావరకు ఆ పుస్తకం నుంచి వచ్చినవే. 1950లో ప్రభాకరశాస్త్రి పోయారు. ఆ పనికి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వచ్చారు.

అప్పటిదాకా రేకులతో పని పండితులది. రాళ్లపల్లి పండితుడే, కానీ కర్ణాటక సంగీతం కూడా లోతుగా తెలిసినవాడు. సంపుటాలు పరిష్కరిస్తూనే నూటికి పైగా కీర్తనలకు వరుసలు కట్టి, స్వరం రాసి అచ్చువేశారు. అచ్చులో చదువుకునే పాట మళ్లీ పాడుకునే పాట అయ్యిందంటే మొదటి పెద్ద చెయ్యి ఆయనదే.

తర్వాతి చెయ్యి విజయవాడ రేడియోది. 1948లో మొదలైన ఆ కేంద్రంలో పొద్దున్నే వచ్చే భక్తిరంజని కోసం పాటలు కావాలి, రోజూ కావాలి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం, మల్లిక్ వంటివాళ్లు స్టూడియోలో కూర్చుని పదాలు, కీర్తనలు పాడితే అవి కాఫీ వేళకు ఆంధ్రదేశమంతా మోగేవి. ‘అదివో అల్లదివో’ అనగానే మన చెవిలో మెదిలే మధ్యమావతి వరుస మల్లిక్‌ది. తిరుమల బస్సెక్కిన ప్రతివాడికీ ఆ పాట వచ్చు, ఆ పేరు తెలిసినవాళ్లు పదిమంది కూడా దొరకరు.

1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. వరుసలు కట్టించడం, రికార్డు చేయించడం, నేర్పించడం ఓ పద్ధతి ప్రకారం సాగింది అప్పటినుంచే. నేదునూరి బాణీలు ఆ కాలంలోనే జనంలోకి వెళ్లాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి ఆయన స్వయంగా నేర్పారు. ఆమె పాడిన బాలాజీ పంచరత్నమాల ఎల్‌పీలు తెలుగు రాని ఇళ్లకు కూడా అన్నమయ్యను తీసుకెళ్లాయి. నేదునూరి శిష్యుడు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఆ ప్రాజెక్టులో గాయకుడిగా చేరి వందలకొద్దీ కీర్తనలకు వరుసలు కట్టారు. గుళ్లో, బడిలో పిల్లలు కూడా పాడేసే ‘వినరో భాగ్యము విష్ణుకథ’ బాణీ ఆయనదే. 2025 మార్చిలో ఆయన చనిపోయినప్పుడు, ఇది ఆయన చేసిందా అని ఆశ్చర్యపోయినవాళ్లే ఎక్కువ కనిపించారు.

‘నానాటి బదుకు’ దగ్గరికే మళ్లీ వద్దాం. రేకు మీద దాని రాగం ముఖారి. నేదునూరి రేవతి తీసుకున్నారు. రేవతిలో గాంధారం లేదు, ధైవతం లేదు. అయిదే స్వరాలు. వేదం చదివే ధోరణి ఛాయ ఉందంటారు సంగీతజ్ఞులు. ‘పుట్టుటయు నిజము పోవుటయు నిజము, నట్టనడిమి పని నాటకము’ అనే పాదానికి ఆ ఖాళీలు బాగా అమరాయి. అయిదే స్వరాల రాగం కావడం వల్ల మాట విడిగా, తేటగా వినబడుతుంది. ముఖారిలో పాడితే అదే పాదంలో దుఃఖం పైకొస్తుందేమో. రేవతిలో వినబడేది వైరాగ్యం. అంటే బాణీ కట్టినవాడు అర్థంలో ఒక పక్షం ఎంచుకున్నాడు. ఇది రచనే.

రేకు మీద రాగం రాసి ఉండగా మార్చే హక్కు ఎవరిచ్చారని అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటను కొట్టిపారేయలేం. ఆ రాగం పేరు అన్నమయ్య వదిలిన ఒకే ఒక్క సంగీత ఆనవాలు. కానీ ఆ పేరు పట్టుకుని కొత్తగా కట్టినా అదీ కొత్త బాణీయే, అన్నమయ్యది కాదు. ఎటు తిరిగినా కట్టినవాడి పేరు చెప్పక తప్పదు.

1997లో అన్నమయ్య సినిమా వచ్చాక గజిబిజి ఇంకాస్త పెరిగింది. కీరవాణికి ఆ ఏడాది ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ అవార్డు తెచ్చిన పాటలవి. సినిమా కాబట్టి సంగీతం కీరవాణిదని అందరికీ తెలుసు, టైటిల్స్‌లో పేరు పడుతుంది మరి. తిరకాసు సాహిత్యంతో వచ్చింది. ‘తెలుగు పదానికి జన్మదినం’ రాసింది వేటూరి సుందరరామమూర్తి, ప్రభాకరశాస్త్రి కుటుంబం వాడే. దాన్ని కూడా అన్నమయ్య కీర్తనగా పాడేవాళ్లున్నారు. తన పుట్టినరోజు గురించి అన్నమయ్యే అలా రాసుకుంటాడా అని ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

2009 మేలో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్షగళార్చన జరిగింది. లక్షమందికి పైగా ఒకే గొంతుగా అన్నమయ్య కీర్తనలు పాడారు. ముందు నిలబడింది కాలిఫోర్నియా తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర. అన్ని వేలమంది ఒకే వరుసలో పాడగలిగారంటే ఎవరో ఒకరు ఆ వరుసను స్థిరపరిచి ఉండాలి కదా. రేకులకు ఆ శక్తి లేదు.

ఇక చట్టం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం వేరు, సంగీతం వేరు. పాటలోని మాటలు సంగీతరచన కిందికి రావు. స్వరం కాగితం మీద రాసినా రాయకపోయినా బాణీ కట్టినవాడే స్వరకర్త. హక్కు ఆయన జీవితకాలంతో పాటు మరణం తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అన్నమయ్య సాహిత్యం ఎవరైనా పాడుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు. రాళ్లపల్లి 1979లో పోయారు కాబట్టి ఆయన బాణీలకు రక్షణ 2039 చివరిదాకా ఉంటుంది. నేదునూరి 2014లో పోయారు, 2074 దాకా. ఉద్యోగంలో భాగంగా కట్టిన బాణీ అయితే, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బుకు సంబంధించిన హక్కు సంస్థకు వెళ్లవచ్చు. అయినా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద స్వరకర్తకే మిగులుతుంది.

పేరు కనుక్కోవడానికి పరిశోధనలేమీ అక్కర్లేదు. దేవస్థానం అచ్చువేసిన స్వరపుస్తకాలున్నాయి, పాత క్యాసెట్ల అట్టలున్నాయి, నేర్పిన గురువులున్నారు. మైకు పట్టుకున్నవాళ్లు రాగం పేరు చెప్పినప్పుడే ఇంకొక్క పేరు చెప్పాలి, అంతే.