మకివారా గోడకు కాదు: ఒకినావా కరాటేపై అపోహలు - వాస్తవాలు

అపోహ: కరాటేను మన బోధిధర్ముడే పుట్టించాడు.

ఈ మాట మన కరాటే క్లాసుల్లో తరచూ వినిపిస్తుంది. చైనా వెళ్లిన బౌద్ధ సన్యాసి బోధిధర్ముడి పేరు పోరాట విద్యలకు అంటుకున్నది 17వ శతాబ్దపు ఒక చైనా గ్రంథం వల్ల. కరాటే మాత్రం జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలోని స్థానిక విద్య, చైనాలోని ఫుజియాన్ నుంచి వచ్చిన పద్ధతులు కలిసి ఎదిగింది. ఒకినావా గురువు హిగాఓన్నా కాన్‌ర్యో ఫుజియాన్‌లోని ఫుజౌ వెళ్లి నేర్చుకొచ్చాడు. ఆయన శిష్యుడు మియాగి చోజున్ గోజు-ర్యూ అనే కరాటే శైలిని స్థాపించాడు. కరాటేను రైతులు సమురాయ్‌ల మీద తిరగబడటానికి కనిపెట్టారన్నదీ కట్టుకథే. ఒకినావా పాత రాజధాని షురిలో పేరున్న గురువుల్లో ఎక్కువమంది రాజోద్యోగుల వర్గం వాళ్లు.

అపోహ: బ్లాక్ బెల్ట్ ప్రాచీన సంప్రదాయం.

బెల్టులు జూడో నుంచి వచ్చాయి. జపాన్‌లో కరాటేను ప్రచారం చేసిన ఫునాకోషి గిచిన్ కరాటేలో మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చింది 1924లో. మియాగి 1953లో చనిపోయేదాకా ఎవరికీ డాన్ (బ్లాక్ బెల్ట్ స్థాయి) ఇవ్వలేదు.

అపోహ: మకివారా గుద్దేది మెటికలు కాయలు కాయడానికి.

మకివారా అంటే నేలలో పాతి గుద్దే చెక్క పలక. కాయలు వస్తే వస్తాయి, వాటికోసం కొట్టకూడదు. పిడికిలి, మణికట్టు, మోచేయి ఒకే గీతలో నిలబడటం, మడమ నుంచి నడుము మీదుగా వచ్చిన బలం భుజం దగ్గర చెదరకపోవడం అది నేర్పుతుంది. అందుకే పలక వంగాలి. ఏడడుగుల పలకను అడుగున నాలుగంగుళాలు, పైకొసన అర అంగుళం మందం ఉండేలా చెక్కించండి. రెండున్నర అడుగులు పాతండి. పలక వెనక నేలమట్టానికి ఒక రాయి, ముందువైపు గుంట అడుగున మరో రాయి బిగిస్తే ఊగిపోదు. కొసకు ఎండుగడ్డి తాడో, తోలు మెత్తో కట్టాలి.

గోడకు మెత్త బిగించి దాన్నే మకివారా అంటున్నారు. గోడ వంగదు కాబట్టి దెబ్బ తిరిగి మణికట్టుకు, మోచేతికే తగులుతుంది. దయచేసి అలా చేయించకండి.

మొదటి రెండు వారాలు గుద్దొద్దు. పిడికిలి ఆనించి, పలకను వెనక్కి నెట్టి, మూడు లెక్కలు ఆపి వదలండి. ఆ తర్వాత చేతికి పదేసి, నెమ్మదిగా. చూపుడువేలు, నడిమివేలు మెటికలే తగలాలి. చిటికెన వేలు వైపు తగిలితే అరచేతి ఎముక విరగొచ్చు. చర్మం లేస్తోందంటే తగిలాక పిడికిలి తిప్పుతున్నారన్నమాట. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లలకు మకివారా వద్దు.

అపోహ: సాంచిన్ అంటే ఒళ్లంతా బిగించి ఊపిరి బిగబట్టడం.

సాంచిన్ ఒక కటా, అంటే ఒంటరిగా చేసే వరస కదలికల అభ్యాసం. గోజు-ర్యూ సాంచిన్‌లో ముందరి పాదం కొద్దిగా లోపలికి తిరిగి, దాని మడమ వెనక పాదం బొటనవేలి వరసలో ఉంటుంది. బిగువు పొత్తికడుపులో, చంకల కింద ఉండాలి. భుజాలు దిగే ఉంటాయి. ముక్కుతో పీల్చిన గాలి నోటితో ఆగకుండా బయటికి పోవాలి. ముఖం ఎర్రబడి మెడనరాలు తేలితే ఊపిరి గొంతులో ఇరుక్కుందని అర్థం. అక్కడే ఆపించాలి. బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా గట్టి సాంచిన్ చేయకూడదు.

అపోహ: ఎన్ని కటాలు వస్తే అంత విద్య.

గోజు-ర్యూ మొత్తంలో ఉన్నవి పన్నెండే. చాలా కటాల్లో ఒక చేయి గుద్దుతుంటే రెండోది నడుం దగ్గరికి వస్తుంది. దాన్ని "తర్వాతి గుద్దుకు సిద్ధం" అని చెప్పేస్తుంటారు. ఒకసారి జోడీగా నిలబడి, ఎదుటివాడి మణికట్టు పట్టి ఆ చేతిని నడుం దగ్గరికి లాగండి. అతని బరువు ముందుకు ఒరుగుతుంది, ముఖం మీ గుద్దు దారిలోకి వస్తుంది. ఖాళీ చేయి లాగినప్పుడు కూడా గుప్పిట్లో ఆ మణికట్టు ఉన్నట్టే లాగాలి.