కంట్లోనే ఉన్న చెట్టు

కళ్లజోడు మార్చుకుందామని పోయిన ఎండాకాలం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. గదిలో లైటు ఆపేసి, ఆయన చిన్న టార్చి లాంటి దాంతో పక్కనుంచి కంట్లోకి వెలుగు వేశారు. ఉన్నట్టుండి నా ముందు ఒక చెట్టు కనిపించింది. ఆకులన్నీ రాలిపోయిన చెట్టు. కొమ్మలు, రెమ్మలు, వాటి చివర ఇంకా సన్నటి పుల్లలు, ఎర్రటి ఆకాశం మీద నల్లగా గీసినట్టు ఉంది. రెండు క్షణాలంతే. టార్చి కదలడం ఆగగానే మాయమైపోయింది.

"ఏదో చెట్టులా కనపడిందండీ" అన్నాను, కాస్త టెన్షన్‌గానే. ఆయన నవ్వి, "అవి మీ రక్తనాళాలేనండీ, పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నాయి" అన్నారు.

కంటి వెనకగోడ మీద రెటీనా అనే పలచటి పొర ఉంటుంది. వెలుగును పట్టుకునే కణాలు ఆ పొరలో వెనకవైపు ఉంటే, రక్తనాళాలు వాటికి ముందుంటాయి. అంటే మనం చూసే ప్రతి దృశ్యం మీదా ఆ నాళాల నీడ పడుతూనే ఉంటుంది. అయినా కనపడదు. ఎప్పుడూ ఒకేచోట పడే నీడను చూపు లెక్కలోంచి తీసేస్తుంది. టార్చి పక్కనుంచి కదిలితే నీడ కొత్తచోట పడుతుంది కాబట్టి ఆ కాసేపూ కనపడుతుంది. 19వ శతాబ్దం తొలినాళ్లలోనే దీన్ని వర్ణించినవాడు చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే. అందుకే దీనికి ఆయన పేరుతో పుర్కిన్యే చెట్టు అని పేరు.

ఇలాంటిదే ఇంకోటి మీరు ఇంట్లోనే చూడొచ్చు. తెల్లకాగితం మధ్యలో పెన్నుతో ఒక చుక్క పెట్టండి. దానికి కొంచెం దూరంలో లేత రంగు పెన్సిలుతో మసకగా ఒక మచ్చ రుద్దండి. చూపు కదల్చకుండా చుక్కనే చూస్తూ ఉంటే, కాసేపటికి ఆ మచ్చ కాగితంలో కలిసిపోతుంది. స్విస్ వైద్యుడు ట్రాక్స్‌లర్ 1804లో చెప్పిన సంగతి ఇది. 1950లలో శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకేసి, కంటితో పాటే బొమ్మ కూడా కదిలేలా ఏర్పాటు చేశారు. రెటీనా మీద బొమ్మ ఒకేచోట నిలిచిపోయేసరికి కొన్ని సెకన్లలోనే అది చెరిగిపోవడం మొదలైంది. మన కళ్లు నిలకడగా చూస్తున్నామనుకున్నప్పుడు కూడా సన్నగా అదురుతూనే ఉంటాయి. ఆ అదురే లేకపోతే లోకం చెరిగిపోతుందన్నమాట.

ఆ రోజు ఇంటికొచ్చే దారంతా నా మనసు ఆ చెట్టు మీదే ఉంది. కన్నే కాదు, ముక్కూ అంతే. ఎవరింటి వాసన వాళ్లకి తెలియదు. మనసు కూడా ఇంతే కదా అనిపించింది. 1978లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో పెద్ద లాటరీ తగిలిన 22 మందిని ప్రశ్నలడిగారు. వాళ్లు మామూలు జనం కంటే చెప్పుకోదగ్గ సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితుడితో మాట్లాడటం, టిఫిన్ తినడం, జోకు వినడం లాంటి రోజువారీ ముచ్చట్లు వాళ్లకి మామూలు వాళ్ల కంటే చప్పగా ఉన్నాయి. చిన్న అధ్యయనమే, దాని మీద మరీ భారం వెయ్యకూడదు. కానీ కొత్త బండి కొన్నవాళ్లందరికీ తెలిసిన నిజమే అది. మొదటి వారం రోజుకి రెండుసార్లు తుడుస్తాం. ఆరు నెలలకి అది వీధిలో నిలబడ్డ ఒక వస్తువు.

మరి చెరిగిపోకుండా ఉండేదేమిటి? మారుతూ ఉండేది. నాకైతే ప్రకృతి మీద ఇష్టానికి కారణం ఇక్కడే దొరికింది. చంద్రుణ్ణే తీసుకోండి. సగటున రోజుకి 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ఒకే వేళకి మేడెక్కినా నిన్నటి చోట ఉండడు, నిన్నటి ఆకారంలోనూ ఉండడు.

రాజమండ్రిలో మా అమ్మ పెరట్లో పారిజాతం ఉంది. వానాకాలం చివర్లో మొగ్గ తొడుగుతుంది. చీకటి పడ్డాక విచ్చుకుంటుంది. రాత్రిపూట ఎగిరే పురుగులకి చీకట్లో తోవ చూపేది ఆ తెల్లరేకలూ ఆ వాసనే. తెల్లవారేసరికి పువ్వు పని అయిపోతుంది, రాలిపోతుంది. నేలరాలిన పూలు పూజకి పనికిరావంటారు, పారిజాతానికి మాత్రమే మినహాయింపు. అమ్మ రాత్రి పడుకోబోయే ముందు చెట్టు కింద ఉతికిన పాత పంచె పరుస్తుంది. పొద్దున్నే ఒక్కోటీ కాడ పట్టుకుని తీస్తూ లెక్కపెడుతుంది. కాషాయం కాడ, తెల్లరేకలు, పంచె మీద చిన్న చిన్న గాలిమరల్లా బోర్లాపడి ఉంటాయి. రోజూ పొద్దున ఆరున్నరకి ఫోను చేసి నాకు మొదట చెప్పేది ఆ లెక్కే.

చెట్టును చూస్తూ ఉండటం గురించి శాస్త్రంలో పేరున్న పని ఒకటుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆస్పత్రి. 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించాడు. కొన్ని గదుల కిటికీలోంచి చెట్లు కనపడతాయి, కొన్నింట్లోంచి ఇటుకగోడ. వయసు వగైరా కలిసేలా 23 జతలు ఎంచుకుని పోలిస్తే, చెట్లు కనపడ్డవాళ్లు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులు ఆస్పత్రిలో ఉన్నారు, గోడ కనపడ్డవాళ్లు 8.70 రోజులు. బలమైన నొప్పి మందులు కూడా చెట్ల వైపు వాళ్లకి తక్కువ పట్టాయి. 1984లో ఇది అచ్చయింది. గోడ కదలదు, చెట్టు కదులుతూనే ఉంటుంది, అందువల్లే అని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, ఉల్రిచ్ చెప్పిన మాట కాదు.

రోజూ ఉండదు కాబట్టే చెరిగిపోని తొలకరి వాసన సంగతీ ఇక్కడే చెప్పాలి. ఆ మట్టివాసనకి ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం, నేలలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. గాలిలో లక్ష కోట్ల వంతుల్లో కొద్ది వంతులున్నా మన ముక్కు పసిగడుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో మట్టివాసననే అత్తరుగా తీసి అమ్ముతారు.

ఇక కృతజ్ఞత. మన ఇళ్లలో ఒకరికొకరు థాంక్స్ చెప్పుకోవడం తక్కువే. కానీ ఆకలిగొన్నవాడు అన్నం తిని లేస్తూ "నీ కడుపు చల్లగుండ తల్లీ" అంటాడే, అంతకన్నా నిండైన థాంక్స్ నాకు తెలియదు. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదాంట్లో విద్యార్థుల చేత పది వారాల పాటు వారానికోసారి రాయించారు. కొందరు తాము కృతజ్ఞత పడ్డ సంగతులు, కొందరు చిరాకులు, కొందరు మామూలు సంఘటనలు. మొదటి జట్టువాళ్లు తమ జీవితం గురించి కొంత మెరుగ్గా భావించారు. అయితే తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఫలితం చిన్నదే. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి డాక్టరు సాయం కావాలి, నోటుబుక్కు సరిపోదు. ఈ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే "మంచి గురించి ఆలోచించు, అదే పోతుంది" అనే సలహా బాధలో ఉన్నవాళ్లని ఇంకా ఒంటరి చేస్తుంది.

నేనూ ఒక నోటుబుక్కు పెట్టాను. మూడో వారానికే అరిగిపోయిన రికార్డయింది. ఆరోగ్యం, ఉద్యోగం, అమ్మ ఫోను. మళ్లీ ఆరోగ్యం, ఉద్యోగం, అమ్మ ఫోను. నీడ ఒకేచోట పడితే ఏమవుతుందో అదే అయింది. తర్వాత 2008 నాటి ఒక పరిశోధన గురించి చదివాను. భార్యాభర్తలు, ప్రేమికుల్లో కొందరిని తాము ఎలా కలిశారో రాయమన్నారు, కొందరిని అసలు కలవకుండా ఎలా పోయి ఉండేవాళ్లో రాయమన్నారు. కలవకపోవడం గురించి రాసినవాళ్లే తమ బంధం పట్ల ఎక్కువ తృప్తి చెప్పారు. ఆ ఆదివారం నోటుబుక్కులో "పొద్దున ఆరున్నరకి ఫోను మోగలేదు" అని రాశాను. అంతకు మించి రాయలేకపోయాను.

చిన్న చిన్న పండగలు కూడా ఆ టార్చి చేసే పనే చేస్తాయని నా నమ్మకం. రోజూ ఆ వేపచెట్టు కిందనుంచే బండి మీద పోతాం, ఉగాది పచ్చడిలోకి పూత కావాల్సి వచ్చిన పొద్దున తలెత్తి చూస్తాం. తెలంగాణలో చేలగట్ల మీద, గుట్టల మీద పూసే తంగేడు, గునుగు బతుకమ్మ రాగానే తాంబాళంలో పైకెక్కుతాయి. అట్లతద్దికి ఆకలితో ఉన్న ఆడపిల్లలు చంద్రుడి కోసం ఎంత శ్రద్ధగా చూస్తారో ఏ ఖగోళ శాస్త్రవేత్తా చూడడు. హాయిగా ఉన్న మసాజ్‌ను మధ్యలో కాసేపు ఆపి మళ్లీ చేస్తే జనానికి ఇంకా హాయిగా ఉంటుందని ఒక ప్రయోగంలో తేలింది. వాక్యూమ్ క్లీనర్ రొద మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే మాత్రం చిరాకు పెరుగుతుందట. అలవాటు తెగగానే రెండూ కొత్తవైపోతాయి. నెల పొడవునా పులిహోర పెడితే ఎవరు తింటారు?

ఇప్పుడు కార్తీకం. నిన్న ఆరున్నరకి ఫోను రాలేదు. ఏడింటికి నేనే చేశాను. మొదటిసారి ఎత్తలేదు, రెండోసారి ఎత్తింది.

"ఏమ్మా, ఇవాళ ఎన్ని?" అన్నాను.

"ఉండు నాన్నా, ఇంకా రాలుతున్నాయి" అంది.