టేబుల్‌టాప్ ఆటల పత్రిక నడపడం: అపోహలు - వాస్తవాలు

విశాఖలో టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్‌ల మీద తెలుగులో ఒక చిన్న పత్రిక నడుపుతున్నాం. ఈ ఆటలో ఐదారుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఏం జరుగుతుందో తేలని చోట డైస్ వేసి తేల్చుకుంటారు. ఆడటం మరిగినవాళ్లలో కొందరికి పత్రిక పెట్టాలన్న కోరిక కూడా పుడుతుంది. అలాంటివాళ్లు మమ్మల్ని కలిసినప్పుడు మాటల్లో తరచూ దొర్లే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఎంతమంది ఆడుతుంటే అన్ని కాపీలు పోతాయి.

కొత్త పత్రికల్ని ముంచే లెక్క ఇదే. ఆరుగురు కూర్చున్న బల్ల దగ్గర పత్రిక కొనేది ఒక్క గేమ్ మాస్టరే. మిగతా ఐదుగురు కొనకపోవడంలో తప్పేమీ లేదు. పత్రికలో వేసే అడ్వెంచర్, అంటే గేమ్ మాస్టర్ ఆడించాల్సిన కథ, ముందే చదివేస్తే ఇక వాళ్లకు ఆడటానికి ఏం మిగులుతుంది? అందుకే ప్రింట్ ఆర్డర్ ఇచ్చే ముందు ఊళ్లో ఎన్ని బల్లలు నడుస్తున్నాయో లెక్కేసుకోవాలి. ప్రకటనలు అడగడానికి వెళ్లినా ఇదే చిక్కు. సిరిపురంలోనో ఎంవీపీ కాలనీలోనో ఒక కేఫ్ యజమాని "ఎంతమంది చూస్తారు?" అంటే చెప్పే అంకె చిన్నదే. అదే బల్లవాళ్లు వారం వారం వచ్చి మూడు నాలుగు గంటలు కూర్చుంటారని, టీలు టిఫిన్లు చెబుతారని చెబితే మాత్రం ఆయన వింటాడు.

ఆటగాళ్ల కోసం కూడా కొన్ని పేజీలు ఉంటే ఒక్కో బల్లకి రెండో కాపీ వెళుతుంది. కొత్త పాత్రలు, ఆయుధాలు, మంత్రాలు మేం ముందు సగంలో వేస్తాం, అడ్వెంచర్ వెనక సగంలో ఉంటుంది. పత్రిక చేతులు మారినా గుట్టు బయటపడదు.

అపోహ: అమెరికాలో పెద్ద పత్రికలే మూతపడ్డాయి, అంటే వీటికి పాఠకుల్లేరు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట మీద వచ్చిన 'డ్రాగన్' పత్రిక 1976 జూన్‌లో మొదలై, 2007 సెప్టెంబరులో 359వ సంచికతో అచ్చు ఆపేసింది. అప్పటికి దాన్ని వేస్తున్నది పైజో సంస్థ. ఆట హక్కులున్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఆ లైసెన్సు పొడిగించలేదు, అలాంటి రచనల్ని తనే ఇంటర్నెట్‌లో ఇవ్వాలనుకుంది. పైజో అదే ఏడాది పాత్‌ఫైండర్ పేరుతో నెలనెలా అడ్వెంచర్ పుస్తకాలు మొదలుపెట్టి నిలదొక్కుకుంది. బ్రిటన్‌లో 1977లో వచ్చిన 'వైట్ డ్వార్ఫ్' మొదట్లో రకరకాల ఆటల గురించి రాసేది, 1980ల చివరికి వచ్చేసరికి సొంత కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ ఆటలకే పరిమితమైపోయింది. ఇక 1975లో లీ గోల్డ్ మొదలుపెట్టిన 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్' చూడండి. రాసేవాళ్లు ఎవరి పేజీలు వాళ్లు పంపితే ఆమె అన్నీ ఒకచోట చేర్చి సంచికగా తెచ్చేది. కంపెనీ అండ ఏమీ లేకుండానే అది దశాబ్దాల పాటు నడిచింది. పేరూ హక్కులూ ఎవరి చేతిలో ఉన్నాయన్నది పత్రిక పెట్టేముందే ఆలోచించుకోవాలి.

అపోహ: డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల నియమాలు వాడితే కేసు పడుతుంది. దీనికి కవలపిల్ల: ఏదైనా అనువదించి వేసుకోవచ్చు.

రెండూ తప్పే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం, ఎస్ఆర్‌డీ 5.1, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదలైంది. మూలం ఎవరిదో చెప్పి దాన్ని తెలుగు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ పత్రంలో లేని రూల్‌బుక్ పేజీలు, బొమ్మలు, లోగో మాత్రం ముట్టుకోకూడదు. ఉత్త ఆలోచనకి కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని మన సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. డైస్ వేసి గెలుపోటములు తేల్చే పద్ధతి ఎవరి సొత్తూ కాదు, దాన్ని వివరించిన వాక్యాలు మాత్రం రాసినవాళ్లవే.

అపోహ: కథ బాగా రాసేవాళ్లు అడ్వెంచర్ కూడా బాగా రాస్తారు.

నా దృష్టిలో ఈ పనిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. డబ్బు తర్వాతి మాట. కథలో పాత్రలు రచయిత చెప్పినట్టు నడుచుకుంటాయి. బల్ల దగ్గర అలా కుదరదు.

తొట్లకొండ మీద ఒక అడ్వెంచర్ వచ్చింది. కొండ మీది బౌద్ధ విహారం శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద మంగమారిపేట, ఎదురుగా సముద్రం. చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కథ ముందుకు సాగాలంటే ముసలి కాపలాదారుణ్ణి పలకరించి సొరంగం సంగతి రాబట్టాలి. రాసినాయన బల్ల దగ్గర ఆట చక్కగా సాగింది, ఎందుకంటే ఎక్కడ ఎవరికి సైగ చేయాలో ఆయనకు తెలుసు. అదే రాతప్రతిని ఇంకో గేమ్ మాస్టర్‌కి ఇచ్చాం. వాళ్ల ఆటగాళ్లు కాపలాదారు వైపు కన్నెత్తి చూడలేదు, తిన్నగా వెళ్లి తొట్టిలోకి తాడు వదిలారు. "లోతెంత? నీళ్లున్నాయా?" పాపం గేమ్ మాస్టర్ పేజీలు తిరగేస్తూ ఉండిపోయాడు. ఎక్కడా రాసి లేదు.

అచ్చయ్యే నాటికి సొరంగం ఆచూకీ మూడు చోట్ల దొరుకుతోంది: కాపలాదారు మాటల్లో, తొట్టి గోడ మీది గీతల్లో, మంగమారిపేటలో చేపలమ్మే ఆమె దగ్గర. తొట్టి లోతు అడుగుల్లో ఉంది. దూకితే ఏమవుతుందో ఉంది. ఒక్కో చోటుకి మొదట కంటికి కనబడేది, తర్వాత వెతికితే దొరికేది, ఆ తర్వాత ముట్టుకుంటే జరిగేది, ఈ వరుసలో రాశారు. రాసినవాళ్లు పక్కన లేకుండా వేరేవాళ్లు ఆడించి చూడని అడ్వెంచర్ మేం వేయం. సంచికలు ఆలస్యమయ్యేది ఎక్కువగా దీనివల్లే. ఆరుగురికీ ఒకే ఆదివారం ఖాళీ దొరకాలి కదా.

అపోహ: టైప్ చేసిన మ్యాటర్ ఇచ్చేస్తే ప్రెస్సువాళ్లు చూసుకుంటారు.

రాసేవాళ్లు ఫోన్లో యూనికోడ్‌లో కొడతారు. చాలా ప్రెస్సుల్లో డీటీపీ చేసేవాళ్లకి ఇప్పటికీ చేతికి అలవాటైనవి యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు పొల్లులు ఎగిరిపోతాయి. 'డ్రాగన్‌కి' అన్నది 'డ్రాగన్కి' అయిపోయి, క కాస్తా ఒత్తుగా న కిందికి దిగిపోతుంది. మన ఆటల భాషలో సగం ఇంగ్లిషు మాటలకి తెలుగు విభక్తులు తగిలించినవే కాబట్టి పేజీకి పదైనా ఇలాంటివి తేలతాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తిన్నగా యూనికోడ్‌తోనే చేయించడం మేలు, తెలుగు అక్షరాలు సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ సెట్టింగ్ ఆన్ చేయడం మాత్రం మరిచిపోవద్దు. ఒత్తులూ గుడులూ ఢీకొనకుండా వరుసల మధ్య ఎడం కాస్త ఎక్కువ ఇవ్వాలి. దాంతో ఇంగ్లిషులో అరపేజీలో పట్టే రాక్షసుడి వివరాలు మనకి పట్టవు.

సెంటర్ పిన్ కొట్టే పత్రికకి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. నడి పేజీలు ఒకే కాగితం కాబట్టి మ్యాప్ అక్కడ వేస్తే పిన్ విప్పి బల్ల మీద పరుచుకోవచ్చు. మ్యాప్‌లో లేత బూడిద రంగు వాడితే మ్యాప్‌లిథో కాగితం మీద మచ్చలు మచ్చలుగా వస్తుంది, గోడల్ని అడ్డగీతలతో నింపితే శుభ్రంగా ఉంటుంది. వానాకాలం మన ఊరి గాలికి కాగితం చెమ్మ పీల్చుకుంటుంది, సిరా ఆరడానికి టైం పడుతుంది. ప్రెస్సువాళ్లు ఇంకో రోజు ఆగమంటే ఆగడమే మంచిది.

అపోహ: చిన్న పత్రికకి రిజిస్ట్రేషన్ గొడవ ఉండదు.

1867 నాటి చట్టం పోయి కొత్త పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1న అమల్లోకి వచ్చింది. దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ప్రెస్ సేవా పోర్టల్లోనే. మీది దాని కిందికి వస్తుందో రాదో మొదటి సంచికకి ముందే తెలుసుకోండి.

అపోహ: పుస్తకాల్లాగే పోస్టులో చవగ్గా పంపేయొచ్చు.

2025 మేలో తపాలా శాఖ పుస్తకాలు చవగ్గా పంపడానికి జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. పన్ను కాక 300 గ్రాములకి 20 రూపాయలు, 5 కిలోలకి 100. వినగానే ప్రాణం లేచి వస్తుంది. కానీ క్రమం తప్పకుండా వెలువడే పత్రికలకీ, ప్రకటనలున్న వాటికీ ఇది వర్తించదు. అందుకే మేం విడివిడిగా పంపడం తగ్గించి ఊరికి ఒక పార్శిల్ చేస్తున్నాం. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కార్గోకి ఇస్తే విజయవాడలో ఒక గేమ్ మాస్టర్ దించుకుని మిగతా బల్లలకి పంచుతారు. మీ ఊళ్లో రెండు మూడు బల్లలున్నా చాలు, ఒక్కరి పేరు మీద చందాలన్నీ కలిపి కట్టండి, పంపే ఖర్చు అందరికీ తలాకాస్త పడుతుంది.